నల్ల ప్రోబు ఎక్కడ పెట్టారు?

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, అయ్యలకు, వెనక నిలబడ్డ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురు గాని, కరెంటు ఉన్నప్పుడే పని కానిద్దాం.

ఓర్వకల్లులో విమానాశ్రయం 2021లో మొదలైంది. అప్పట్నుంచి మన కర్నూల్లో విమానమంటే టికెట్టు సంగతి. ఇవాళ స్పానరు సంగతి మాట్లాడుకుందాం. షెడ్డులో సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకు వచ్చే ఒక చిక్కు ఇది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతులు వేరే పెద్ద కథ, దాని జోలికి పోను. బ్యాటరీ దగ్గర ఒక వోల్టేజీ, పైలట్ ముందుండే మీటర్ల ప్యానెల్ మీద ఇంకో వోల్టేజీ, రెంటికీ పొంతన ఉండదు. ఎందుకు? బ్యాటరీ, చార్జింగు వోల్టేజీని హద్దులో ఉంచే రెగ్యులేటరు, వైరింగు అని మూడు భాగాలు రాసుకొచ్చాను.

బ్యాటరీ తొందరగా ముగిద్దాం. నిండుగా చార్జయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, లోడు లేకుండా కొన్ని గంటలు ఉంచాక, 12.6 నుంచి 12.7 చూపాలి. 12.2 అంటే సగం. 11.9 అంటే అయిపోయినట్టే. ఇంజను తిరిగేటప్పుడు 13.8 నుంచి 14.4 రావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేటుకు ఈ లెక్క కుదరదు. అది ఊరకే ఉన్నప్పుడే 13.3 దరిదాపుల్లో ఉంటుంది. అందులో 12.6 కనబడితే నిండుగా ఉందని మురిసిపోకండి, అడుగంటుతోందని అర్థం. ఇంకొకటి, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు లోపలి బ్యాటరీ నీరసిస్తే చాలా మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ముందు దాన్ని చూసుకోండి.

ఇక రెగ్యులేటరుకు పోవాలి. పోయే ముందు ఒక్క మాట.

వోల్టేజీ అనేది ఒక చోట ఉండేది కాదు, రెండు చోట్ల మధ్య తేడా. "పన్నెండు వస్తోందన్నా" అని ఎవరైనా అంటే నేను అడిగేది ఒకటే: నల్ల ప్రోబు ఎక్కడ పెట్టావు నాయనా? మీటరుకు ఎర్రది, నల్లది అని రెండు ప్రోబులు, అంటే ఆనించే ముళ్లు, ఉంటాయి కదా, నూటికి తొంభై మంది ఎర్ర ప్రోబు గురించే ఆలోచిస్తారు. నల్లదాన్ని దగ్గర్లో కనబడిన ఏ బోల్టుకో ఆనించేస్తారు.

కె.సి. కెనాల్ తెలియనివాళ్లు ఇక్కడ లేరు కదా! కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గర గేజీ చూసి "నీళ్లు నిండుగా వదిలారు" అంటే, కడప జిల్లాలో చివరి ఆయకట్టు రైతు నవ్వుతాడు. మధ్యలో గండ్లు, పూడిక, ఊట. బ్యాటరీ సుంకేసుల, ప్యానెల్ చివరి ఆయకట్టు. బోరు మోటర్లదీ ఇదే గతి. లైను చివర వోల్టేజీ పడిపోయి మోటరు కాలిపోతుంది, రైతు వేలు పోసి రీవైండింగు చేయిస్తాడు, తెచ్చి మళ్లీ అదే లైనుకు తగిలిస్తాడు. మోటరు చేసిన తప్పేంటప్పా?

విమానాల్లో ఆ రీవైండింగు పేరు రెగ్యులేటరు మార్చడం. ప్యానెల్ మీద 13.2 కనబడగానే రెగ్యులేటరు, అదీ కాకుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు, తర్వాత బ్యాటరీ. మూడూ మార్చాక కూడా 13.2 ఉంటే అప్పుడు ఎర్త్, అంటే విమానం ఒంటి గుండా బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగొచ్చే దారి, గుర్తొస్తుంది. నా గోడు ఇదే. ప్యానెల్‌లోని చాలా ఇన్‌స్ట్రుమెంట్లు తమ సొంత పవర్ పిన్నుకూ సొంత నెగటివ్ పిన్నుకూ మధ్య ఉన్నదే చూపిస్తాయి. బ్యాటరీలో ఏముందో వాటికేం తెలుసు?

ఎలా పట్టుకోవాలో చెప్తాను, రాసుకోండి. ఇంజను ఆపేయండి. ప్రొపెల్లరు పక్కన మీటరు పట్టుకుని నిలబడాల్సిన పని లేదు, బ్యాటరీ కరెంటు చాలు. ఇంజనుకు నిప్పురవ్వ అందించే మ్యాగ్నెటోలు గాని, ఇగ్నిషను గాని ఆఫ్ అయ్యాయో లేదో రెండోసారి చూడండి. మాస్టర్ స్విచ్ వేసి, రేడియో, లైట్లు, ప్యానెల్ అన్నీ వేయండి. ఎనిమిది ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. బ్యాటరీ కొసల మీద 12.30, ప్యానెల్ మీద 11.70. 0.60 ఎక్కడో పోయింది.

ఇప్పుడు ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబు ఇన్‌స్ట్రుమెంటు పవర్ పిన్ను మీద. 0.15 వచ్చింది. ఫర్వాలేదు. తర్వాత బ్యాటరీ మైనస్ నుంచి ఇన్‌స్ట్రుమెంటు నెగటివ్ పిన్నుకు చూడండి. 0.45! దొంగ ఈ వైపున్నాడు. ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీదే ఉంచి, రెండోదాన్ని ఒక్కో అతుకూ దాటించండి. వైరు కొసన బిగించే లోహపు ముక్క, అదే లగ్గు, దాకా సున్నా. ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు గోడ, అదే ఫైర్‌వాల్, దాని బోల్టు తల మీద 0.02. అదే బోల్టు పక్కన, ఒక అంగుళం దూరంలో, ఫైర్‌వాల్ రేకు మీద 0.40.

ఆ అంగుళంలో ఏముంది? పెయింటు. వాషరు కింద సన్నటి పెయింటు పొర, బోల్టు మరలు మాత్రమే అక్కడక్కడ రేకును తాకుతున్నాయి. 0.38ని ఎనిమిదితో భాగిస్తే దాదాపు 48 మిల్లీ ఓములు. దీన్ని మీటరులో ఓముల స్కేలు పట్టుకోలేదు, ప్రోబుల వైర్లే రెండు మూడు వందల మిల్లీ ఓములు ఉంటాయి. "బీప్ వచ్చిందన్నా, ఎర్త్ బాగుంది" అంటారు. ఆ బీప్ చాలా మీటర్లలో ఇరవై, ముప్పై ఓములకు కూడా మోగుతుంది! స్టార్టరు వంద ఆంపియర్లు ఇదే అతుకులోంచి పోవాల్సొస్తే లెక్క ప్రకారం 4.8 వోల్టులు ఇక్కడే పోతాయి.

లోడు లేకుండా చూస్తే అసలు దొరకదు. డిజిటల్ మీటరు లోపల పది మెగా ఓములు ఉంటుంది, అది లాగే కరెంటు దాదాపు లేనట్టే. తుప్పు పట్టి ఒకే పోగు మీద వేలాడుతున్న వైరు కూడా మీటరుకు నిండు పన్నెండు చూపిస్తుంది. అందుకే 21 వాట్ల బైకు ఇండికేటరు బల్బు ఒకటి రెండు వైర్లతో జేబులో పెట్టుకోండి. దాన్ని తగిలిస్తే ఒకటిన్నర ఆంపియర్ల పైన లాగుతుంది, అతుకు నిజం చెప్తుంది.

బాగుచేయడం పావుగంట పని. పెయింటు గీకి, వాషరు కన్నా కొంచెం వెడల్పుగా లోహం మెరిసేదాకా తేవాలి. తగరం పూత ఉన్న రాగి లగ్గు, పళ్ల వాషరు వేసి బిగించి, తర్వాత పైన పూత వేయండి. ముందు పూత వేస్తే మళ్లీ మొదటికే. ఫైబరు విమానమైతే ఒళ్లు కరెంటు మోయదు, ప్రతి పరికరానికీ నెగటివ్ వైరు విడిగా వెయ్యాల్సిందే. ఇంజను రబ్బరు బుష్షుల మీద కూర్చుంటుంది, దానికి లావుపాటి ఎర్త్ పట్టీ మరవకండి. స్ట్రోబు లైటు నెగటివ్, ఇన్‌స్ట్రుమెంటు నెగటివ్ ఒకే సన్న వైరులో కలిపితే లైటు మెరిసినప్పుడల్లా ముల్లు ఊగుతుంది.

టైమైందని చీటీ వచ్చింది. రెగ్యులేటరు మిగిలిపోయింది, రెండు నిమిషాలివ్వండి.

చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజనుకు రెగ్యులేటరు విడిగా ఉంటుంది, దాని ఒళ్లే దాని ఎర్త్. అందులో 'సి' అనే పిన్నుతో అది వోల్టేజీ ఎంతుందో తెలుసుకుంటుంది. ఆ వైరు దారిలో ఏ స్విచ్చో అర వోల్టు మింగిందనుకోండి, రెగ్యులేటరు తక్కువుందని నమ్మి అర వోల్టు ఎక్కువ తోస్తుంది. ప్యానెల్ మీద 13.9, బ్యాటరీ మీద 14.6! వేరే ఇంజన్లకు తిప్పి సర్దుకునే రెగ్యులేటర్లు ఉంటాయి. ప్యానెల్ అంకె చూసి వాటిని పెంచినా ఇదే జరుగుతుంది. దానికి తోడు మన ఎండలు. లెడ్ యాసిడ్‌కు 25 డిగ్రీల పైన డిగ్రీకి దాదాపు 18 మిల్లీవోల్టులు తగ్గించాలి. 45 డిగ్రీల షెడ్డులో అది 0.36. మే నెలలో 14.6 అంటే బ్యాటరీని పొయ్యి మీద పెట్టినట్టే.

సరే, ఈ బల్ల మీద బ్యాటరీ, బల్బు, పెయింటు వేసిన రేకుకు బిగించిన ఒక లగ్గు ఉన్నాయి. ఎంత పోతోందో వెనకాల నుంచి ఎవరైనా వచ్చి చెప్పండి. రామ్మా, నువ్వే. మీటరు తీసుకో. నల్లది ముందు ఎక్కడ పెడతావు?