మన మీదికి ఎవరైనా దండెత్తి వస్తారా? శ్రోతల ప్రశ్నలకు ఓ రిటైర్డ్ కల్నల్ జవాబులు

(విశాఖపట్నం నుంచి సాగిన ఫోన్-ఇన్ కార్యక్రమంలోని భాగం. శ్రోతల పేర్లు ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: మొదటి కాల్ గాజువాక నుంచి. హలో, చెప్పండమ్మా.

శ్రోత: హలో... హలో... వినిపిస్తోందా అండి?

వ్యాఖ్యాత: వినిపిస్తోందమ్మా. ముందు మీ రేడియో సౌండ్ తగ్గించండి, మీ గొంతే మీకు తిరిగొస్తోంది.

శ్రోత: ఆఁ, తగ్గించానండి. నమస్తే సార్. మా ఇంట్లో రోజూ గొడవగా ఉందండి. మా అత్తగారు మూడు బస్తాల బియ్యం తెప్పించి మంచం కింద పెట్టించారు. మావారేమో ఇక్కడ నేవీ ఉంది, పోర్టు ఉంది, స్టీల్ ప్లాంట్ ఉంది, ముందు బాంబు పడేది మన మీదే, ఫ్లాట్ అమ్మేసి రాజాం వెళ్లిపోదాం అంటున్నారు. రాత్రి పన్నెండు దాకా ఫోన్లో అవే వీడియోలు. పిల్లలకి కూడా టెన్షన్ పట్టుకుంది. నిజంగా వేరే దేశం సైన్యం మన మీదికి వచ్చేస్తుందా సార్?

కల్నల్: అమ్మా, మీరు అడిగింది ఒక ప్రశ్నే గానీ అందులో మూడున్నాయి. దాడి వేరు, చొరబాటు వేరు, దండయాత్ర వేరు. టీవీల్లో మూడింటికీ ఒకటే మ్యూజిక్ వేస్తారు, అదీ ఇబ్బంది. క్షిపణో డ్రోనో వచ్చి పడితే దాడి. 2025లో పాకిస్తాన్‌తో మే 7 నుంచి 10 సాయంత్రం దాకా చూసింది అదే. 1999లో పాకిస్తాన్ వాళ్లు కార్గిల్ కొండలెక్కి కూర్చున్నారే, అది చొరబాటు. దండయాత్ర అంటే వాడి సైన్యం వచ్చి, మన ఊళ్లో మకాం వేసి, మన తహసీల్దార్ ఆఫీసు మీద వాడి జెండా కట్టి, ఆ తర్వాత కూడా నిలబడాలి. మొదటిది మళ్లీ రావొచ్చు. రెండోది కొండ సరిహద్దుల్లో ఎప్పుడూ ఉండే బెడదే. మూడోది, అదీ గాజువాక దాకా, నా లెక్కలో దాదాపు లేదు.

వ్యాఖ్యాత: ‘దాదాపు’ అంటున్నారు.

కల్నల్: మా ఉద్యోగంలో ‘అస్సలు’ అనే మాట అచ్చిరాదండీ. ఫ్లాట్ మాత్రం అమ్మొద్దని చెప్పండమ్మా. మీవారన్నదాంట్లో సగం నిజముంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన హార్బర్ దగ్గరికే వచ్చింది, మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ. విక్రాంత్ అప్పటికే ఇక్కడ లేదు. ఘాజీ మాత్రం ఇప్పటికీ ఇక్కడే ఉంది, సముద్రం అడుగున. ఎలా మునిగిందనే దగ్గర వాళ్ల కథ వేరు, మన కథ వేరు. దాడి చేయడానికి రావడం, దిగి నిలబడడం ఒకటి కాదని చెప్పడానికే ఇదంతా.

వ్యాఖ్యాత: బియ్యం సంగతి?

కల్నల్: తినేయండి.

వ్యాఖ్యాత: (నవ్వు) తర్వాత కాకినాడ నుంచి. నమస్కారమండీ.

శ్రోత: బాబూ, నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. మా నాన్నగారు 1942 ఏప్రిల్ 6 గురించి చెబుతుండేవారు. జపాన్ విమానాలు ఒక్క రోజే విశాఖ మీదా, మా కాకినాడ మీదా బాంబులేశాయి. మావాళ్లు బండి కట్టుకుని మెట్ట ఊరికి పోయారట. పోయేముందు మా నాన్నమ్మ నగలు పెరట్లో పాతిపెట్టింది. తిరిగొచ్చాక ఏ చెట్టు కిందో గుర్తు లేదు. వారం రోజులు తవ్వించారట! మరి అప్పుడు కూడా మీలాంటి పెద్దలు ‘రారు’ అనే అన్నారు కదండీ?

కల్నల్: మంచి చోట పట్టుకున్నారు. అప్పటికి రెండు వారాల ముందే, మార్చి 23న, జపాన్ వాళ్లు అండమాన్ దీవుల్లో దిగిపోయారు. 1945 దాకా కదల్లేదు. అది అచ్చంగా దండయాత్రే, మన గడ్డ మీదే. బాంబులు పడ్డాక ఇక్కడా దిగుతారనే అనుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీనే గుంటూరుకు తరలించారంటే చూడండి. కానీ మన తీరానికొచ్చిన విమానాలు ఓడ మీంచి వచ్చినవి, బాంబులేసి ఓడకే తిరిగి వెళ్లిపోయాయి. రెండు నెలల తర్వాత పసిఫిక్ సముద్రంలో మిడ్‌వే దగ్గర అమెరికాతో పోరులో జపాన్ నాలుగు విమాన వాహక నౌకలు పోగొట్టుకుంది. ఇక ఇటు చూసే ఓపిక ఎక్కడిది?

శ్రోత: మరి ఇంఫాల్ మీదికి వచ్చారుగా?

కల్నల్: వచ్చారండీ, 1944లో, బర్మా అడవుల్లోంచి. నాకెప్పుడూ గుర్తుండే విషయం ఒకటుంది. వాళ్లు ఇంచుమించు మూడు వారాల తిండితో బయల్దేరారు. వెంట పశువుల మందల్ని తోలుకొచ్చారు, సామాను మోయిద్దాం, ఆకలైతే కోసుకు తిందాం అని. ఆ పశువులు చాలావరకు దారిలోనే పోయాయి. ఇంఫాల్, కొహిమా పట్టుకుంటే అక్కడి గోదాములు మనవే అనుకున్నారు. మన జవాన్లు పట్టుకోనివ్వలేదు. ఈలోపు వానలు మొదలయ్యాయి. తిరిగి వెళ్తూ వాళ్లలో వేల మంది ఆకలితోనూ రోగాలతోనూ పోయారు. అందుకే ఎవరైనా ‘వాళ్లొచ్చేస్తున్నారు’ అంటే నేను ముందు అడిగేది, వాళ్లకి అన్నం ఏ దారిన వస్తుంది అని.

వ్యాఖ్యాత: చైనా విషయంలో కూడా ఇదే లెక్కా?

కల్నల్: చాలావరకు. 1962లో ఇప్పటి అరుణాచల్‌లోని బొమ్‌డిలా దాటి వచ్చారు. అస్సాంలో తేజ్‌పూర్ ఊరు ఊరే ఖాళీ అయింది. నవంబరు 21న వాళ్లంతట వాళ్లే కాల్పులు ఆపి వెనక్కి వెళ్లారు. రాజకీయ కారణాలు ఉన్నాయి. కానీ వెనకాల కనుమలు మంచుతో మూసుకుపోతుంటే కింద మైదానంలో అంత సైన్యాన్ని మేపడం కష్టమన్నది కూడా ఉందని నా అభిప్రాయం. ఇప్పుడు రోడ్లు మెరుగయ్యాయి, వాళ్లకీ మనకీ కూడా. 3,488 కిలోమీటర్ల సరిహద్దు గీత అది. నాకు నిద్ర పట్టని చోటంటూ ఉంటే బెంగాల్‌లో సిలిగురి దగ్గర మెడలాంటి ఆ సన్నటి నేల, ఇరవై చిల్లర కిలోమీటర్ల వెడల్పు. అక్కడ ఏదైనా అయితే ఈశాన్యానికి దారి తెగుతుంది. అందుకే అక్కడ మన కాపలా కూడా అంత గట్టిగా ఉంటుంది. పైగా రెండు వైపులా అణ్వాయుధాలున్నాయి. లదాఖ్‌లోని గల్వాన్‌లో 2020 జూన్ 15న చైనావాళ్లతో ఘర్షణలో మన ఇరవై మంది పోయారు, మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబుతో సహా. ఆ రాత్రి ఇటూ అటూ తుపాకీ పేల్చలేదు. పేలిస్తే ఎక్కడ ఆగుతుందో ఇద్దరికీ తెలుసు.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు. చెప్పు నాన్నా.

శ్రోత: సార్, నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేవాణ్ని. 2022 ఫిబ్రవరి 15న మన ఎంబసీ చెప్పింది, అవసరం లేనివాళ్లు తాత్కాలికంగా వెళ్లిపోండి అని. మా కాలేజీలో అడిగితే ఏమీ కాదు, క్లాసులు జరుగుతాయి, అటెండెన్స్ పోతుంది అన్నారు. టికెట్ రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. ఆగిపోయాం. 24 తెల్లవారుజామున రష్యా దాడి మొదలై కిటికీ అద్దాలు గడగడలాడితే లేచాను. తర్వాత మెట్రో స్టేషన్‌లో పడుకున్నాం. మార్చి 2న ఎంబసీవాళ్లు నడిచైనా ఊరి బయటున్న పిసోచిన్ చేరుకోండి అన్నారు, మంచులో నడిచాం. అక్కడ కూడా పెద్దపెద్దవాళ్లు యుద్ధం రాదనే చెప్పారు సార్. మీ మాట ఎలా నమ్మాలి?

కల్నల్: నమ్మకు. నేనూ ఆ ఫిబ్రవరిలో రాదనే మా బావమరిదితో పందెం కాసి ఓడిపోయినవాణ్నే. అవతలివాడి మనసులో ఏముందో చెప్పడంలో మా బోటివాళ్లం తరచూ తప్పుతాం. కానీ వాడి చేతుల్లో ఏముందో దాచడం కష్టం. నెలల తరబడి లక్షకు పైగా రష్యా సైన్యం ఉక్రెయిన్ సరిహద్దుకు చేరింది, ఉపగ్రహ ఫొటోల్లో ప్రపంచమంతా చూసింది. జనవరి నెలాఖరుకే ఒక వార్త వచ్చింది, రక్తం నిల్వలు కూడా తెస్తున్నారని. విన్యాసాలకైతే రక్తం సీసాలతో పనేముంది? అక్కడే నాకు వెలగాల్సింది. మన సరిహద్దులో అంత పెద్దది రావాలన్నా పెట్రోలు, వంతెనల సామాను, గుడారాల ఆసుపత్రులు వారాల ముందే కదలాలి. హిమాలయాల్లో అయితే ఇంకా ముందే. అవి కదిలాయా అని చూడు. టీవీలో ఎవరు అరుస్తున్నారన్నది వదిలెయ్. ఎంబసీ వెళ్లిపొమ్మంటే మాత్రం అటెండెన్స్ చూసుకోకూడదు బాబూ, అది నీకు నేను చెప్పక్కర్లేదు.

వ్యాఖ్యాత: నిజామాబాద్ నుంచి ఒకమ్మ. చెప్పండమ్మా, సమయం తక్కువుంది.

శ్రోత: సార్, మా పెద్దోడు ఆర్మీల ఉన్నడు, లదాఖ్ దిక్కు. ఫోన్ చేస్తే యాడున్నవ్ బిడ్డా అంటే చెప్పడు. కోపమొస్తది. ఆ వీడియోలు చూస్తే నిద్ర పడ్తలేదు. ఏం చెయ్యాలె?

కల్నల్: అమ్మా, చెప్పకపోవడమే వాడి డ్యూటీ. తిన్నావా, పడుకున్నావా, చలి ఎట్లుంది, ఇవి అడగండి. వాడి యూనిట్ పేరు, ఫొటో స్టేటస్‌లో పెట్టొద్దు. సైన్యం కదలికలు లైవ్‌లో చూపించొద్దని 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం టీవీ ఛానళ్లకే చెప్పింది. ఇంకో మాట, ఎక్కువ రోజులు ఫోన్ రాకపోతే సిగ్నల్ లేదని అనుకోండి. మా అమ్మ నాకోసం అలాగే అనుకునేది. నిజంగానే సిగ్నల్ ఉండేది కాదు.

వ్యాఖ్యాత: అనకాపల్లి నుంచి మెసేజ్. 2025 మే 7 మాక్ డ్రిల్‌లో సైరన్ మోగితే ఏం చేయాలో తెలీలేదట.

కల్నల్: పైకీ కిందికీ ఊగుతూ మోగితే ప్రమాదం. ఒకే తీరుగా సాగితే ప్రమాదం తప్పిందని. మొదటిది వినగానే లైట్లు ఆర్పి, గ్యాస్ కట్టేసి, కిటికీ అద్దాలకి దూరంగా లోపలి గోడ పక్కనో, మెట్ల కిందో కూర్చోండి. మేడెక్కి వీడియో తీయొద్దు.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్. గాజువాకమ్మగారు మళ్లీ లైన్లోకి వచ్చారు!

శ్రోత: సార్, మావారు కూడా విన్నారండి, ఫ్లాట్ సంగతి మళ్లీ చూద్దాం అన్నారు. ఆ బియ్యం అండి... ఒక బస్తాకి అప్పుడే పురుగు పట్టింది. ఏం చేయమంటారు?

కల్నల్: అది నా సబ్జెక్టు కాదమ్మా. మా ఇంట్లో ఎండిన వేపాకు వేస్తారు. మీ అత్తగారిని అడగండి, ఆవిడకే బాగా తెలుస్తుంది.