బెండింగ్ మెషీన్‌లో అడకత్తెరలు మూడు

"అన్నా, మా బెండింగ్ మెషీన్ హైడ్రాలిక్. చాలా స్లో. దానికేం భయం?"

బాలానగర్ షెడ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ఎందుకో ఇవాళ లెక్క వేసి చూపిస్తా.

(అడకత్తెర చేతిలోకి తీసుకుని)

ఇది మా అమ్మమ్మది, పోకచెక్కలు కత్తిరించేది. రేకులు వంచే మన మెషీన్, అంటే ప్రెస్ బ్రేక్ కూడా ఇంతే. పైన పంచ్, కింద డై, మధ్యలో రేకు. ఆ మధ్యలో వేలు పెట్టకూడదని ఎవరికీ చెప్పక్కర్లేదు. నా గొడవంతా రెండో అడకత్తెరతోనే, అంటే వంగుతూ పైకి లేచే షీట్‌తోనే.

3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షీట్ అనుకుందాం. డైలో వీ ఆకారపు గాడి వెడల్పు మందానికి ఎనిమిది రెట్లు, అంటే 24 మి.మీ. దాన్నే 24 వీ అంటాం. షీట్‌కు తగిలాక పంచ్ సుమారు 12 మి.మీ. దిగితే 90 డిగ్రీలు వచ్చేస్తుంది. మహా అయితే చిటికెన వేలి మందమంత. మరి ముందుకు మీటరు పొడుగున ఉన్న షీట్ చివర ఎంత లేస్తుంది? రెండు వైపులా చెరో 45 డిగ్రీలు లేవాలి కాబట్టి, దాదాపు 70 సెంటీమీటర్లు! పంచ్ సెకనుకు 10 మి.మీ. చొప్పున నింపాదిగా దిగుతున్నా, ఆ 70 సెంటీమీటర్లూ 1.2 సెకన్లలో అయిపోతాయి. స్లోగా ఉన్నది పంచ్ బాబూ, షీట్ కాదు!

అమ్మమ్మ అడకత్తెరలో పిడి జానెడు కదిలితే కత్తి కొంచెమే కదులుతుంది. చెక్క తెగే బలం అక్కడి నుంచే వస్తుంది. ఇక్కడ అది తిరగబడింది. కత్తి కొంచెం కదిలితే పిడి గడ్డం దాకా లేస్తుంది. ఆ పిడి పట్టుకుని, గీత సరిగ్గా పడిందా అని వంగి చూస్తున్నది మనమే. 3 మి.మీ. రేకు చదరపు మీటరుకు 23 కిలోల పైనే ఉంటుంది, గుర్తుంచుకోండి.

ఇంకోటి. షీట్ లేచే కొద్దీ దానికీ, పైన పంచ్‌ను పట్టుకుని దిగే ర్యామ్‌కూ మధ్య సందు మూసుకుపోతుంది. పంచ్ దగ్గరగా, షీట్ మీద బొటనవేలు వేసి గుప్పిట పట్టారో, వేలు అక్కడ పోకచెక్కే. అరచేయి చాచి కింద నుంచే ఆనించండి. బొటనవేలు కూడా కిందే ఉండాలి.

అమ్మమ్మకు ఒక సుఖం ఉంది. చెక్క పెట్టే చెయ్యీ ఆమెదే, నొక్కే చెయ్యీ ఆమెదే. షెడ్డులో పెద్ద షీట్ వస్తే నొక్కే కాలు మేస్త్రీది, పెట్టే చెయ్యి హెల్పర్ కుర్రాడిది. ఇద్దరికీ చెరో పెడల్ ఉండి, రెండూ తొక్కితేనే ర్యామ్ దిగేలా కనెక్షన్ ఇప్పించండి. పెడల్ మీది కవర్ అడ్డమని పీకేసే వాళ్ళకు నా దండం. పైనుంచి ముక్క పడి పెడల్ నొక్కుకోకుండా కాపాడేది అదే.

పాత ఫ్లైవీల్ మెషీన్లతో ఇంకా టెన్షన్. పూర్తి చుట్టు తిరిగే క్లచ్ ఉన్నదైతే, తొక్కాక కాలు తీసేసినా చుట్టు అయ్యేదాకా ఆగదు. దాని దగ్గర "కాలు తీస్తే ఆగుతుందిలే" అనుకోవడానికి లేదు.

మూడో అడకత్తెర వెనక ఉంది, బ్యాక్ గేజ్. షీట్ ఎంత లోపలికి వెళ్ళాలో ఆపే అడ్డు అది. సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషీన్‌లో అది తనంతట తనే జరుగుతుంది. వెనక పడిన ముక్క తీయడానికని మెషీన్ ఆన్‌లో ఉండగా వెనక చెయ్యి పెట్టొద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తా. పంచ్ మార్చేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసి, ర్యామ్ కింద గట్టి దిమ్మె పెట్టండి. చిన్న ముక్కల్ని చేత్తో పట్టి వంచకండి. వీలైతే పెద్ద షీట్‌నే వంచి, తర్వాత కట్ చేయండి. బాక్స్ వంచడానికి లేజర్ గార్డ్ (చెయ్యి అడ్డం వస్తే ర్యామ్‌ను ఆపేది) ఆపితే, అది అవగానే మళ్ళీ ఆన్ చేయండి. ఆ గార్డ్ ఆపే తాళంచెవి మాత్రం మేస్త్రీ జేబులోనే ఉండాలి.

టన్నేజ్, అంటే వంచడానికి ఎన్ని టన్నుల బలం కావాలో, ఆ లెక్క వచ్చే వీడియోలో చూద్దాం. ఈలోగా ఆ 3 మి.మీ. షీట్‌ను 12 వీలో మాత్రం పెట్టకండి. 24 వీలో మీటరుకు దాదాపు 24 టన్నులు చాలు. 12 వీలో అది 48కి పోతుంది, డై పగిలితే ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం.