ఇద్దరు ముద్దాయిలు: ఆధునిక నవలలో అస్తిత్వవాదం, అబ్సర్డ్

మిత్రులందరికీ నమస్కారం.

అస్తిత్వవాదం అనగానే చాలామందికి ఒక బొమ్మ కళ్ళ ముందు కదులుతుంది. నల్ల కోటు, నోట్లో సిగరెట్టు, మొహం నిండా వైరాగ్యం. బతుక్కి అర్థం లేదని చెప్పి చేతులు దులుపుకునే సిద్ధాంతం అది అనుకుంటారు. ఆ బొమ్మను ఇవాళ పక్కన పెడదాం. ముందే ఇచ్చిన అర్థం లేని బతుకులో మనిషి తనను తాను ఎలా తయారుచేసుకుంటాడన్నది ఆ సిద్ధాంతం అడిగే ప్రశ్న. సిద్ధాంతం జోలికి అవసరమైనంత మేరకే వెళ్తాను. నాకు ఆసక్తి నవల మీద. ముఖ్యంగా రెండు నవలల్లో జరిగే రెండు విచారణల మీద.

మొదటిది ప్రాగ్ రచయిత ఫ్రాంజ్ కాఫ్కా రాసిన 'ది ట్రయల్'. 1914లో మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే వదిలేశాడు. 1924లో ఆయన పోయాక, రాతప్రతులన్నీ తగలబెట్టమన్న మాటను స్నేహితుడు మాక్స్ బ్రోడ్ పెడచెవిన పెట్టి, మరుసటి ఏడాది అచ్చు వేయించాడు. అందులో జోసెఫ్ కె. అనే బ్యాంకు అధికారిని 30వ పుట్టినరోజు పొద్దున్నే అరెస్టు చేస్తారు. నేరం ఏమిటో చెప్పరు. జైల్లోనూ పెట్టరు. ఎప్పటిలాగే బ్యాంకుకు వెళ్ళవచ్చంటారు. వచ్చిన కాపలావాళ్ళు అతని టిఫిన్ మాత్రం తినేస్తారు.

కొన్నాళ్ళకు ఆదివారం విచారణకు రమ్మని ఫోన్ వస్తుంది. ఎన్ని గంటలకో చెప్పరు. కోర్టులు తొమ్మిదికి మొదలవుతాయి కదా అని కె. తనే ఒక లెక్క వేసుకుని బయల్దేరతాడు. చూస్తే అది పేదలుండే పెద్ద ఇల్లు, అన్నీ మెట్లు, గదులు. ఎవరినైనా కోర్టెక్కడ అని అడగడానికి సిగ్గేసి, లేని వడ్రంగి ఒకణ్ణి కల్పించి, ఫలానా లాంజ్ ఇక్కడుంటాడా అంటూ గది గదికీ తిరుగుతాడు. చివరికి హాలు దొరుకుతుంది. లోపలికి అడుగు పెట్టగానే మేజిస్ట్రేటు గడియారం చూసి, గంటా ఐదు నిమిషాల కిందటే రావాల్సిందని మందలిస్తాడు. తర్వాత పుస్తకం తిరగేసి, మీరు ఇళ్ళకు రంగులేసే పెయింటర్ కదా అంటాడు. కాదు, బ్యాంకులో పెద్ద అధికారిని అంటాడు కె. హాల్లో ఒక పక్క జనం పగలబడి నవ్వుతారు.

ఎవరూ చెప్పని టైముకు ఆలస్యమైనందుకు చీవాట్లు! నవలంతటికీ తాళంచెవి ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా చూడండి. తర్వాతి ఆదివారం కె.ను ఎవరూ పిలవరు. అయినా తనంతట తనే మళ్ళీ వెళ్తాడు.

రెండోది ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ 1942లో వెలువరించిన 'ది స్ట్రేంజర్'. మెర్సో అనే చిరుద్యోగి మిట్టమధ్యాహ్నం సముద్రపు ఒడ్డున ఒక అరబ్బును కాల్చి చంపుతాడు. ముందు ఒక గుండు, కొంచెం ఆగి మరో నాలుగు. కోర్టుకు ముందు జరిగే దర్యాప్తులో అధికారి మళ్ళీ మళ్ళీ అడిగేది ఆ మధ్యలో ఆగిన క్షణం గురించే. మొదటి గుండుకూ రెండో గుండుకూ మధ్య ఎందుకు ఆగావు? మెర్సో దగ్గర జవాబు లేదు. ఇక కోర్టులో హత్య పక్కకు పోయి తల్లి అంత్యక్రియలు ముందుకొస్తాయి. ఏడవలేదట. శవం పక్కన కాఫీ తాగాడట, సిగరెట్ కాల్చాడట. ఇతని మీద పెట్టిన నేరం తల్లిని పాతిపెట్టడమా, మనిషిని చంపడమా అని డిఫెన్స్ లాయర్ విసుక్కుంటాడు. కారణం ఏమిటని జడ్జి చివరిసారి అడిగితే మెర్సో తడబడుతూ, ఎండ వల్ల అంటాడు. ఇక్కడా జనం నవ్వుతారు.

ఈ రెండు నవ్వులనూ పక్కపక్కన పెట్టి వినండి. కాఫ్కా దగ్గర కారణం కోసం మనిషి తహతహలాడతాడు, కోర్టు చెప్పదు. కామూ దగ్గర కోర్టే కారణం కోసం పట్టుబడుతుంది, మనిషి ఇవ్వలేడు. అదే ఏడాది వచ్చిన తాత్విక వ్యాసం 'ది మిత్ ఆఫ్ సిసిఫస్'లో కామూ చెప్పింది కూడా దాదాపు ఇదే. అబ్సర్డ్ అన్నది మనిషిలోనూ లేదు, ప్రపంచంలోనూ లేదు. ఎందుకు అని అడిగే మనిషికీ నోరు విప్పని ప్రపంచానికీ మధ్య ఉంది. రెండింటిలో ఏ ఒక్కటి తీసేసినా అది మిగలదు. అందుకే తలా తోకా లేని కథంతా అబ్సర్డ్ కాదు. వింత సంఘటనలు గుప్పించి కాఫ్కాలా రాశాననుకునేవాళ్ళు పప్పులో కాలేసేది ఇక్కడే. కాఫ్కాలో వింత ఒక్కటే ఉంటుంది. మిగతాదంతా ఆఫీసు మర్యాదే. ఆయన ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసి, యంత్రాల్లో వేళ్ళు తెగే ప్రమాదాల మీద రిపోర్టులు రాసిన లా పట్టభద్రుడు. ఆయన కథ 'మెటమార్ఫసిస్'లో గ్రెగర్ పురుగుగా మారి లేచాక కూడా టెన్షన్ పడేది తప్పిపోయిన ఐదు గంటల రైలు గురించే.

ఇక్కడ రచయితకు ఒక చిక్కు ఉంది. కథ అన్నదే కారణాల గొలుసు. ఇది జరిగింది కాబట్టి అది జరిగింది అని చెప్పకపోతే పాఠకుడు పేజీ తిప్పడు. కారణాలు దొరకని బతుకును కారణాలతోనే నడిచే ప్రక్రియలో ఎలా పట్టుకోవాలి? ఈ చిక్కును బాహాటంగా బయటపెట్టినవాడు ఫ్రెంచి తత్వవేత్త, రచయిత జాన్ పాల్ సార్త్ర్. 1938 నాటి నవల 'నాసియా'లో డైరీ రాసే రొకాంతాన్ పాతకాలపు ప్రభువొకడి జీవితచరిత్ర రాయబోయి, మధ్యలో మానేస్తాడు. బతుకుతున్నప్పుడు ఏమీ జరగదు, రోజులు పోగుపడతాయంతే. చెప్పడం మొదలుపెట్టగానే అన్నీ మారిపోతాయి, ఎందుకంటే చెప్పేవాడికి ముగింపు ముందే తెలుసు. ఇది అతని ఫిర్యాదు. పార్కులో చెట్టు వేరును చూసి అతనికి కడుపులో తిప్పే ఘట్టాన్ని అందరూ ఉదహరిస్తారు కానీ, నాకు ఈ ఫిర్యాదే గట్టిదనిపిస్తుంది. నవల చివర్లో ఒక పాట విని, తనూ ఒక నవల రాస్తే బతుకు గట్టెక్కవచ్చని అతను ఆశపడటం మాత్రం నాకు మింగుడు పడదు. అన్ని పేజీలు కథను అనుమానించి, చివరికి మళ్ళీ కథ పంచనే చేరినట్టుంటుంది.

కామూ ఈ చిక్కును వాక్యంలోనే తేల్చేశాడు. మెర్సో వాక్యాలు పొట్టివి. 'కాబట్టి', 'అందువల్ల' లాంటివి అతి తక్కువ. దీన్ని ముందుగా పట్టుకున్నది కూడా సార్త్రే. 1943 నాటి సమీక్షలో, ఇందులో ఒక్కో వాక్యం ఒక్కో ద్వీపం అన్నాడు. కోర్టు చేసేదల్లా ఆ ద్వీపాల మధ్య వంతెనలు కట్టి హంతకుడి కథ తయారుచేయడమే.

అలాగని సార్త్ర్, కామూ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు. 1945 అక్టోబరులో పారిస్‌లో ఇచ్చిన ప్రసిద్ధ ప్రసంగంలో సార్త్ర్, మనిషి ముందు ఉంటాడు, తానేమిటో తర్వాత తన పనుల ద్వారా తయారుచేసుకుంటాడు అన్నాడు. అంటే స్వేచ్ఛ, దాని వెంటే తప్పించుకోలేని బాధ్యత. మరుసటి నెలలోనే కామూ ఒక ఇంటర్వ్యూలో నేను అస్తిత్వవాదిని కానని తేల్చిచెప్పాడు. 1952లో ఇద్దరికీ మాటలు పోయాయి. అది ముఖ్యంగా రాజకీయాల గొడవ.

కామూ దగ్గర నాకు బాగా నచ్చే మనిషి మెర్సో కాదు. 1947 నాటి 'ది ప్లేగ్'లో జోసెఫ్ గ్రాన్ అనే గుమాస్తా. ఊరంతా చస్తుంటే పగలు శవాల లెక్కలు రాస్తాడు, రాత్రి తన నవల మొదటి వాక్యాన్ని దిద్దుకుంటాడు. గుర్రం మీద వెళ్ళే ఒక స్త్రీ గురించిన ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు తిరగరాసినా తృప్తి ఉండదు. తనకే ప్లేగు సోకితే అన్నీ కాల్చేయమంటాడు. బతికి బయటపడ్డాక మళ్ళీ మొదలుపెడతాడు, ఈసారి విశేషణాలన్నీ తీసేశానంటాడు. కామూ అతన్ని చూసి నవ్వుతున్నాడా, దండం పెడుతున్నాడా? రెండూ అనుకుంటాను.

ఇక మెర్సో కోర్టు సంగతి ఒకటి మిగిలింది. కాఫీ గురించీ సిగరెట్ గురించీ అన్ని ప్రశ్నలు వేసిన ఆ నవలలో చచ్చిపోయినవాడికి పేరు లేదు. ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో, అరబ్బు అంటే సరిపోయింది. 2013లో అల్జీరియా రచయిత కమెల్ దావూద్ దీనికి బదులు రాశాడు. 'ది మెర్సో ఇన్వెస్టిగేషన్'లో హతుడి తమ్ముడు హరూన్ మాట్లాడతాడు. మా అన్న పేరు మూసా అంటాడు. కారణం లేని హత్య చంపినవాడికి తాత్వికత కావచ్చు, చచ్చినవాడి తల్లికి అది ఏమవుతుందన్నది ఆ నవల నిలదీసే విషయం. కామూ కావాలనే పేరు ఇవ్వలేదా, వలస పాలనలో పెరిగిన కంటికి ఆ పేరు ఆనలేదా అని విమర్శకులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది, అయినా నవల విలువ తగ్గినట్టు తోచదు.

చదవబోయేవాళ్ళు కామూ 'ది స్ట్రేంజర్', దావూద్ 'ది మెర్సో ఇన్వెస్టిగేషన్' రెండూ పక్కపక్కనే పెట్టుకోండి. నన్నడిగితే కామూతోనే మొదలుపెట్టమంటాను. మెర్సో పక్షాన కొంతసేపు నిలబడినవాళ్ళకే హరూన్ కోపం సూటిగా తగులుతుంది.