గోళ్లు చూసుకున్నారా?

శ్రోతలకు నమస్కారం. మా అక్క కొడుకు మొదటిసారి పచ్చబొట్టు వేయించుకున్నాడు. మణికట్టు మీద, ‘అమ్మ’ అని. రెండు వారాలు తిరిగేసరికి అది ‘అమ’ అయింది. కింద ఒత్తు వెలిసిపోయింది.

తప్పు టాటూ వేసినాయనది కాదు. మావాడి గోళ్లది.

సూది చర్మం పైపొరను దాటుకుని 1, 2 మిల్లీమీటర్ల లోతున రంగును దింపుతుంది. అంటే అది గాయం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అయినా గాయమే.

మావాడు ముందు జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. రాత్రి బాగా నిద్రపోయాడు, కడుపు నిండా తిని వెళ్లాడు, మందు జోలికి పోలేదు. కొత్త సూది ప్యాకెట్ తన కళ్లముందే విప్పించాడు. చర్మం మీద అచ్చు దించాక అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాడు. నేనైతే పక్కవాళ్లతో కూడా చదివిస్తాను! రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ముందే డాక్టర్‌ని అడగాలి.

ఇంటికొచ్చాకా బుద్ధిగానే ఉన్నాడు. చేతులు కడుక్కుని, వాసన లేని సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడిగేవాడు. రుద్దకుండా అద్ది, క్రీమ్ పలచగా రాసేవాడు. పలచగానే, మెత్తితే చర్మం నానిపోతుంది. ఎండ లేదు, ఈత లేదు.

ఐదో రోజు ఫోన్. “మామయ్యా, రంగంతా ఊడిపోతోంది!” వాష్‌బేసిన్‌లో నల్లటి పొట్టు కనిపించిందట. “టెన్షన్ పడకురా, పైపొర రాలుతోంది, అంతే. అసలు రంగు కిందుంది” అన్నాను. అక్కడితో ఆగకుండా దురద సంగతి కూడా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఎందుకంటే ఆ తర్వాత వచ్చేది దురదే. మామూలు దురద కాదు. పగలంతా ఓర్చుకున్నాడు. రాత్రి నిద్రలో గోకేశాడు. ఇంకా ఆరని పక్కు ఊడొచ్చింది, దాంతోపాటు రంగూ వచ్చేసింది. పొద్దున దుప్పటి మీద చిన్న రక్తపు మరక.

గోకొద్దు అని అందరూ చెప్తారు. నిద్రలో ఉన్నవాడికి ఎవరు చెప్తారు? అందుకే నేను చెప్పేది ఒక్కటే. టాటూకి వెళ్లే ముందురోజే గోళ్లు కత్తిరించుకోండి. అంచులు గరుకు లేకుండా అరగదీయండి. రాత్రి వదులుగా ఉండే, ఉతికిన పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. దురద మరీ ఎక్కువైతే కడిగిన చేత్తో క్రీమ్ కాస్త రాయండి. గోళ్లు మాత్రం వద్దు.

నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా క్రీములతో సరిపెట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మావాడికి ఆ బాధలేవీ రాలేదు. చర్మం పూర్తిగా మానేదాకా ఆగి, ఆ ఒత్తు మళ్లీ దిద్దించుకోవడానికి బయల్దేరాడు. వెళ్లే ముందు నాకు ఫొటో పంపాడు. మణికట్టుది కాదు, పది వేళ్లది.