బెల్లు తర్వాత, బ్రేకు ముందు

తమ్ముడు: నమస్కారం. తిరుపతి నుంచి మన అక్కాతమ్ముళ్ల పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. అక్క ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతోంది.

అక్క: తాగనీరా. ముందు నువ్వు చేసిన ఘనకార్యం చెప్పు వాళ్లకి.

తమ్ముడు: నేనేం చేశానక్కా? చేసింది మా పాప. పోయిన ఆదివారం పొద్దున ఆరున్నర అయి ఉంటుంది. ఆరేళ్ల పిల్ల, సైకిల్‌కి సైడు చక్రాలు తీసేసి పది రోజులు కూడా కాలేదు. కపిలతీర్థం రోడ్డులో కలిసే మా వీధిలో బాగానే తొక్కుతోంది. నేను వెనకాల ఫోన్‌లో వీడియో తీస్తున్నా. ఎదురుగా ఐదారుగురు భక్తులు వస్తున్నారు. గుండ్లు, గంధం, చేతుల్లో లడ్డూ కవర్లు. పాప బెల్లు కొట్టింది. అందరూ జరిగారు, ఒక పెద్దావిడ తప్ప. ఆవిడ కొండవైపు తిరిగి దండం పెట్టుకుంటోంది. మా పాప "తప్పుకోండీ" అని అరుస్తూ నేరుగా వెళ్లి ఆవిడ చేతిలో కవరుకి గుద్దింది.

అక్క: ఆవిడకేమీ కాలేదు కదా?

తమ్ముడు: స్వామి దయ, ఏమీ కాలేదు. ఒక లడ్డూ చితికిపోయింది. తమిళావిడ. తిట్టను కూడా తిట్టలేదు. చితికిన లడ్డూలోంచే కొంచెం తీసి పాప నోట్లో పెట్టింది. నాకైతే తలెత్తి ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు.

అక్క: ఇంటికొచ్చాక పాపను ఏమడిగావు?

తమ్ముడు: బ్రేకు ఎందుకు వేయలేదమ్మా అన్నా. "వేశా నాన్నా, రాలేదు" అంది.

అక్క: ఆ "రాలేదు" అన్న మాట ఉంది చూడు, అది అబద్ధం కాదు. నిన్న సాయంత్రం నేను పాప చేతిని బ్రేకు మీద పెట్టించి చూశా. వేళ్ల కొసలు మాత్రమే లివరుకి అందుతున్నాయి. కొసలతో లాగితే ఏం బలం ఉంటుంది? పళ్లు బిగబట్టి లాగినా లివరు సగం కూడా రాలేదు. నువ్వేమో పాప తొక్కుతోందా, పడుతోందా అనే చూశావు. ఆపగలదా అని ఒక్కసారైనా చూశావా?

తమ్ముడు: లేదక్కా. నిజంగా తట్టలేదు.

అక్క: స్కూల్లో డ్రిల్లు టీచరుగా ఇన్నేళ్లు చూస్తున్నా కదా, నూటికి తొంభై మంది అమ్మానాన్నలు ఇంతే. బ్యాలెన్సు వస్తే సైకిలు వచ్చేసినట్టే అనుకుంటారు. సరే, ఆ లివరు సంగతి చెప్తా. చాలా సైకిళ్లకి బ్రేకు లివరు దగ్గర, లోపలివైపు, చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని బిగించేకొద్దీ లివరు పిడికి దగ్గరగా జరుగుతుంది. వేళ్ల మధ్య కణుపులు లివరు మీద పడేదాకా బిగించాలి. తర్వాత కేబులు సరిచేయించాలి, లేకపోతే లివరు పిడికి తగులుతుంది కానీ చక్రం ఆగదు. సైకిల్ షాపులో ఐదు నిమిషాల పని. కేబులు తుప్పు పట్టి ఉంటే మాత్రం కొత్తది వేయించు, బేరాలు ఆడకు.

తమ్ముడు: సైజు కూడా తప్పేమో. పెరిగే పిల్ల కదా అని ఇరవై అంగుళాల చక్రాలది కొన్నా.

అక్క: పండక్కి గౌను వదులుగా కుట్టించినట్టు సైకిలు కొంటే ఎట్లా నాయనా! గౌను వదులైతే పిన్ను పెట్టుకోవచ్చు. ఆ వయసుకి మామూలుగా పదహారు సరిపోతుంది. అయినా అంకెను కాదు, కాళ్లను చూడాలి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. నేర్చుకునేటప్పుడు అంతే. బాగా వచ్చాక సీటు కొంచెం ఎత్తుకోవచ్చు.

తమ్ముడు: ఇప్పుడు ఆపడం ఎట్లా నేర్పాలి? బ్రేకు పట్టుకో, బ్రేకు పట్టుకో అని వెనకాల అరుస్తూనే ఉన్నా.

అక్క: అరిస్తే రాదు. మీ గేటు ముందు పొద్దున ముగ్గు వేస్తారు కదా, ఆ ముగ్గుపిండితోనే ఇంకొంచెం అవతల ఒక అడ్డగీత గియ్యి. ముందు చక్రం గీతను తాకకుండా ఆగాలి, అదే ఆట. తాకితే టైరుకి తెల్లగా పిండి అంటుకుంటుంది, ఇక వాదన ఉండదు. నేను చేయించిన పిల్లల్లో మొదటిరోజు అందరి టైర్లూ తెల్లగానే ఉంటాయి. నాలుగో రోజుకి గీతకు బెత్తెడు దూరంలో ఆపడం మొదలుపెడతారు. అప్పుడు గీతను చెప్పకుండా జరుపుతా. లేదా తొక్కుతుండగా మధ్యలో "ఆగు" అంటా. రెండు చేతుల బ్రేకులూ కలిపి, మెల్లగా నొక్కి పట్టడం అలవాటు చేయాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే పిల్లలు హ్యాండిలు మీదుగా ముందుకు పడతారు. మన సైకిళ్లకి ఎక్కువగా కుడిచేతిది ముందు బ్రేకు, అయినా మీది ఏది ఏదో చూసుకోండి. ఒకరోజు చక్రాలకి చెంబెడు నీళ్లు పోసి కూడా చేయించు. రబ్బరు ముక్కల బ్రేకులు తడిస్తే అదే గీత దగ్గర ఆగవు. వానరోజు రోడ్డు మీద తెలుసుకోవడం కంటే గేటు ముందు తెలుసుకోవడం మేలు.

తమ్ముడు: ఇంతా చేస్తే రోడ్డు మీదికి తీసుకెళ్లొచ్చా?

అక్క: ఆగరా, ఇంకోటుంది. వెనక్కి చూడటం. పిల్లలు కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తే సైకిలు కూడా కుడికే పోతుంది. తల ఎటు తిరిగితే చేతులు అటు తిరుగుతాయి. దానికి నేను చేసే పని, వెనకాల నడుస్తూ వేళ్లు చూపించి "ఎన్ని?" అంటా. పిల్ల నేల మీద పొడవుగా గీసిన గీత మీదే తొక్కుతూ, ఒక్క క్షణం తిరిగి, "మూడు" అని చెప్పాలి. చెప్పి, గీత తప్పకుండా ఉంటే రోడ్డుకి పనికొస్తుంది.

తమ్ముడు: మా పాపకి ఈ ఆట ఇష్టమవుతుంది. ఎక్కాలు కూడా కలిపేయొచ్చు.

అక్క: దాన్ని సైకిలు మీదైనా ప్రశాంతంగా ఉండనీ. ఇంగ్లండ్‌లో 2007 నుంచి పిల్లలకి బైకబిలిటీ అని ఒక శిక్షణ ఉంది. మూడు మెట్లు. మొదటిది బండ్లు రాని ఆవరణలో, రెండోది రద్దీ లేని వీధుల్లో, మూడోది రద్దీ రోడ్ల మీద. ఒక మెట్టు వస్తేనే తర్వాతిది. మనకి అట్లాంటి ఏర్పాటు లేకపోయినా ఆ వరస పెట్టుకోవచ్చు. మీ పాపది ఇంకా మొదటి మెట్టే. నువ్వు మూడో మెట్టుకి కపిలతీర్థం రోడ్డు దాకా తీసుకెళ్లావు.

తమ్ముడు: వీధి చివరి దాకానే అక్కా!

అక్క: వీధి చివరే అసలు చోటు. పిల్లల కళ్ల సంగతి ఒకటి చెప్తా విను. లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కాలేజీ పరిశోధకులు ప్రైమరీ స్కూలు పిల్లల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. నేరుగా తమ మీదికి వచ్చే బండి వేగం గంటకు 32 కిలోమీటర్లు, అంటే 20 మైళ్లు దాటితే, అది దగ్గరికొస్తోందన్న సంగతి కూడా ఆ వయసు పిల్లలు సరిగ్గా పసిగట్టలేకపోవచ్చని తేల్చారు. నువ్వు "బండి వస్తోంది కనిపించలేదా" అని కసురుతావు. బండి కనిపిస్తుంది. రావడమే కనిపించదు. 36 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు పది మీటర్లు. మన వీధుల్లో స్కూటరు కుర్రాళ్లు అంతకంటే తక్కువలో వెళ్తారా? అందుకే రోడ్డు దాటే చోట ఆ వయసు పిల్లల లెక్కను నమ్మకూడదు. దిగాలి, సైకిలు నడిపించుకుంటూ పెద్దవాళ్లతో కలిసి దాటాలి.

తమ్ముడు: మరి నేను ఎక్కడుండాలి? ముందా, వెనకా?

అక్క: నీకూ ఒక సైకిలు ఉంటే వెనకాల, కొంచెం కుడివైపుకి. అంటే పిల్లకీ బండ్లకీ మధ్య నువ్వు. ముందు వెళ్తే వెనక ఏం జరుగుతోందో నీకు తెలియదు. ఫోను జేబులో.

తమ్ముడు: అర్థమైంది, వీడియో మాట ఇక ఎత్తకు.

అక్క: ఎత్తను. ఇంకో తప్పు కూడా చాలామంది నేర్పిస్తారు. "ఎడమ అంచుకి పో, ఇంకా అంచుకి పో" అంటారు. మరీ అంచుకి పోతే అక్కడ మురుగుకాలువ, ఇసుక, విరిగిన పలక. చక్రం జారితే పిల్ల పడేది రోడ్డు వైపే. అంచు నుంచి ఒక చెయ్యి చాచినంత దూరం వదిలి తిన్నగా పోవాలి. ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్తే తలుపు తెరుచుకునేంత జాగా వదలాలి. ఎడమవైపు ఆపిన కారులో డ్రైవరు తలుపు రోడ్డు వైపే కదా తెరుచుకునేది. నెదర్లాండ్స్‌లో తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తెరవడం నేర్పుతారు. మన కార్లలో అయితే డ్రైవరు ఎడమ చేత్తో. అప్పుడు ఒళ్లు దానంతట అదే తిరిగి వెనక్కి చూస్తారు. నువ్వు కారు నడిపేటప్పుడు చేసి చూడు.

తమ్ముడు: ఆటోల సంగతో? మన ఊళ్లో అసలు భయం అవే.

అక్క: ఆటోను చూడకు, రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి చెయ్యిని చూడు. చెయ్యి లేచిందంటే షేర్ ఆటో ఎడమకి కోసేస్తుంది, ఇండికేటరు గిండికేటరు ఏమీ ఉండదు. పిల్లలు దీన్ని ఎంత తొందరగా పట్టేస్తారో తెలుసా? మా స్కూలు గేటు దగ్గర నిలబెట్టి "ఇప్పుడు ఏ ఆటో ఆగుతుంది?" అని పందెం పెడతా. నాకంటే ముందే చెప్పేస్తారు. ఇంకొకటి, ఆగిన ఆటోకి గానీ బస్సుకి గానీ ఎడమవైపు సందులోంచి దూరకూడదు. జనం దిగేది అటే.

తమ్ముడు: సరే, భక్తుల దగ్గరికి వద్దాం. ఈ ఊరికి అదొక్కటీ ప్రత్యేకం.

అక్క: ప్రత్యేకమే. రాత్రంతా క్యూలో నిలబడి, నిద్ర లేక, సామాను మోసుకుంటూ, కొందరు చెప్పులు కూడా లేకుండా నడుస్తుంటారు. ఊరు కొత్త. చూపు రోడ్డు మీద ఉండదు, కొండ మీద ఉంటుంది. గుంపులో ఒకరు ఇటు, ఒకరు అటు జరిగి, మళ్లీ ఒకరి కోసం ఒకరు వెనక్కి వస్తారు. వాళ్లు తప్పుకుంటారని మన పిల్ల అనుకోకూడదు. సైకిలు ఎక్కాక మన పిల్ల కూడా బండే. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలించగలదు. ఈ మాట ఎవరూ పిల్లలతో అనరు. బండ్లంటే భయం పెడతారు గానీ, నడిచేవాళ్లకి నువ్వే భయం అని చెప్పరు.

తమ్ముడు: మా పాప బెల్లు కొట్టింది కదా మరి?

అక్క: బెల్లు "నేనొస్తున్నా" అని చెప్పడానికి, "నువ్వు జరుగు" అనడానికి కాదు. కొట్టి వేగం తగ్గించాలి. జరగకపోతే ఆగి, కాలు నేలకి పెట్టాలి. అయితే బెల్లుకి ఒక సుగుణం ఉంది, తమిళం, కన్నడం, హిందీ, అన్ని భాషల్లో అర్థమవుతుంది.

తమ్ముడు: ఇది చెప్పాల్సిందే. మొన్న పాప కొత్త ఉపాయం కనిపెట్టింది. బెల్లుకి జరగడం లేదని "గోవిందా" అని అరిచింది. పాతిక మంది వెనక్కి తిరిగి "గోవిందా గోవింద" అన్నారు. ఒక్కరూ జరగలేదు!

అక్క: (నవ్వు) జరుగుతారా మరి! బ్రహ్మోత్సవాల రోజుల్లో, గంగమ్మ జాతర వారంలో మాత్రం సైకిలు బయటికి తీయకు. లీలామహల్ సర్కిలు, అలిపిరి రోడ్డు లాంటివి ఈ వయసుకి ఏ రోజూ వద్దు. శ్రీనివాస సేతు ఫ్లైఓవరు వచ్చాక బండ్లు కొన్ని పైకి ఎక్కాయి గానీ, కింద దాటేవాళ్లకి సర్కిలు సర్కిలే.

తమ్ముడు: హెల్మెట్? మా పాపకి ఉంది, కానీ ఎప్పుడూ నుదుటి మీదికి జారిపోతుంది.

అక్క: నడినెత్తిన పోనీటెయిలు వేస్తే జారక ఏం చేస్తుంది? రెండు జడలు కిందికి వేయించు. కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన హెల్మెట్ అంచు ఉండాలి. పట్టీలు చెవుల కింద కలవాలి. గడ్డం కింద ఒక వేలు పట్టాలి, అంతకంటే వదులు వద్దు. సైకిలుకి చట్టం అడగదు, మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ సెక్షను మోటారుసైకిళ్లకే. తల మాత్రం ఒకటే కదా. ఇంకో సంగతి, మన ఇళ్లలో మొక్కులు ఎక్కువ. గుండు కొట్టించాక అదే హెల్మెట్ గిన్నె బోర్లించినట్టు తిరుగుతుంది. పట్టీలు, వెనక బిగింపు మళ్లీ సరిచేయాలి. జుట్టు పెరిగేకొద్దీ ఇంకోసారి.

తమ్ముడు: వచ్చే నెల పాపకి మొక్కు ఉంది! బాగా గుర్తు చేశావు. రేపు పొద్దున ఆరుకి ముగ్గుపిండి డబ్బాతో వచ్చెయ్ అక్కా.

అక్క: వస్తా. ముందు సాయంత్రం షాపుకి తీసుకెళ్లి ఆ లివరు బిగించు. అదిగో, తలుపు దగ్గర ఎవరో వింటున్నారు. రా బంగారూ, ఏంటి?

పాప: అత్తా, ఆవు అడ్డమొస్తే బెల్లు కొట్టాలా?

అక్క: ఆవుకి బెల్లు పనిచెయ్యదు తల్లీ. దిగి, సైకిలు పట్టుకుని, దాని తోక వైపు కాకుండా దూరంగా నడిచి వచ్చెయ్.

పాప: గోవిందా అంటే?

తమ్ముడు: చూశావా అక్కా, వదలదు. సరే, వచ్చే వారం కలుద్దాం.