యాభై మీటర్ల వెలుగు

(అనంతపురం జిల్లా గార్లదిన్నెలో రోడ్డు భద్రతా మాసోత్సవాల సందర్భంగా ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, అన్నలకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

పొద్దు వాలే వేళకు సభ పెట్టమని నేనే అడిగాను. మీరు పనుల నుంచి తిరిగి వచ్చే సమయం ఇది. ఈ రోడ్ల మీద నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడిన సమయం కూడా ఇదే. ఇరవై ఆరేళ్లు బస్సు నడిపాను. అర్ధరాత్రికీ వానకూ అలవాటు పడ్డాను గానీ సందెవేళకు మాత్రం చివరి రోజు దాకా అలవాటు పడలేదు. తాడిపత్రి నుంచి అనంతపురం వస్తుంటే దిగే పొద్దు నేరుగా కళ్లలో పడుతుంది. అది కుంగిపోగానే చీకటి పడిందో లేదో తేలని మసక. సగం బండ్లు లైట్లు వేసుకుంటాయి, సగం వేసుకోవు.

అలాంటి ఒక కార్తీక మాసపు సాయంత్రం. వేరుశనగ కట్టె వేసుకుని ఒక ట్రాక్టరు నా ముందు పోతోంది. పోతోందని నాకు తెలియదు. కట్టెది మట్టి రంగు, రోడ్డుదీ మట్టి రంగు, ఆకాశం కూడా అదే రంగులో ఉంది. ట్రాలీ వెనక లైటు ఉందో లేదో, ఉన్నా కిందికి వేలాడుతున్న కట్టె దాన్ని కప్పేసింది. ఆ కట్టె మీద కూర్చున్న కుర్రవాడి చేతిలో ఫోను వెలిగింది. ఎవరో పిలిచినట్టున్నారు. గాలిలో తేలుతున్నట్టు చిన్న తెల్లటి వెలుగు, దాని వెనక ఒక ముఖం. బ్రేకు మీద నిలబడిపోయాను. బస్సు ఆగేసరికి కట్టె కొసలు ముందు అద్దానికి గీసుకున్న చప్పుడు వినిపించింది. బస్సులో యాభై మందికి పైగా ఉన్నారు. ఆ ఫోను చేసినవారెవరో గానీ వాళ్లకు ఈ రోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. మీరూ వేయండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీదికి పోవడానికి రోడ్డు ఇంజనీర్లు రెండున్నర సెకన్లు లెక్క కడతారు. బ్రేకు పడకముందే 55 మీటర్లు అయిపోయాయి. ఆ తరువాత బండి ఆగడానికి పట్టే దూరం కూడా కలిపి, ఈ వేగానికి ముందు 120 మీటర్ల రోడ్డు కనిపించాలని వాళ్ల ప్రమాణం. మరి రాత్రి డిమ్ లైటులో, వెనక లైటు లేని బండి కనిపించేది ఎంత దూరంలో? సుమారు యాభై మీటర్లు. ఎదురుగా వచ్చేవాడు ఫుల్ లైటు వేస్తే అదీ ఉండదు. ఎంత మంచి డ్రైవరైనా, ఎంత కొత్త బస్సైనా ఆ మిగతా 70 మీటర్లను ఎక్కడి నుంచీ తేలేడు. చీకట్లో వేగం తగ్గించమని మా డ్రైవర్లకు నేను పదే పదే చెప్పింది ఈ లెక్కతోనే.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర జరిగింది మీకు తెలుసు. అప్పటికే రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు పోయారు. ఆ మోటారు సైకిలు నడిపిన యువకుడు కూడా పోయాడు. పడిపోయిన ఒక బండి వెలుగు లేకుండా రోడ్డు మీద ఉండిపోవడం ఎంత పని చేస్తుందో చూడండి.

మన లారీలు చెడిపోతే ఏం చేస్తారు? చక్రం కింద రాళ్లు పెడతారు, వెనక ఒక వేపకొమ్మ విరిచి పడేస్తారు. పగలు ఆ కొమ్మ పనికొస్తుంది, రాత్రి కొమ్మా కనిపించదు, లారీ కూడా కనిపించదు. రిపేరు అయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. వాటి మీద స్కూటరు ఎక్కి పడిన భార్యాభర్తలను నా బస్సులోనే ఆసుపత్రికి చేర్చాను. ఆమె ఒళ్లో టిఫిన్ డబ్బా అలాగే ఉంది. తమ్ముళ్లూ, లారీ కదిలే ముందు ఆ రాళ్లు తీసి పక్కన పెట్టడానికి ఒక నిమిషం పడుతుంది.

ఇక ఆటోల మాట. 2021 నవంబరులో పామిడి దగ్గర, 2024 నవంబరులో మన మండలంలోనే తలగాసిపల్లి దగ్గర. రెండుచోట్లా ప్రమాదంలో ప్రాణాలు పోగొట్టుకున్నది పొలం పనులకు ఆటోల్లో పోయే కూలీలే. ఈ ఊళ్లలో నేను ఆ పేర్లు చెబితే ఎవరి కడుపు కోత వాళ్లకు గుర్తొస్తుంది. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పన్నెండు మంది ఎందుకు ఎక్కారని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వేరే ప్రశ్న అడుగుతాను. చీనీ తోటకో అరటి తోటకో తెల్లవారి ఆరింటికి చేరాలంటే ఆ వేళకు బస్సు ఉందా? నా ఉద్యోగమంతా బస్సులోనే గడిచింది కాబట్టి నొప్పితోనే చెబుతున్నాను, చాలా ఊళ్లకు లేదు. కూలి వేళలకు బస్సు వేయమని పంచాయతీలు రాసి అడగాలి. ఒకసారి రాసి ఊరుకోకూడదు.

నాలుగు వరసల రోడ్డు మీద రాంగ్ రూట్ సంగతీ అంతే. పొలం రెండు వందల మీటర్ల దూరంలో ఉంటుంది, డివైడరు తెరిచిన చోటు రెండు కిలోమీటర్ల అవతల ఉంటుంది. రాంగ్ రూట్ తప్పే, ప్రాణాంతకమే. కానీ ఊరి ముందు సర్వీసు రోడ్డు గానీ అండర్‌పాస్ గానీ లేకుండా ఆ తప్పును జరిమానాలతో మాన్పించలేరు.

అధికారుల లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే ఏమిటో తెలుసా? సుమారు 500 మీటర్ల రోడ్డులో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. అన్ని శవాలు లేచేదాకా ఆగడం నాకు మింగుడు పడదు. ఆ మలుపు చెడ్డదని మొదటి నెలలోనే ప్రతి డ్రైవరుకూ తెలుస్తుంది. మమ్మల్ని పిలిచి అడగండి, వేలితో చూపిస్తాం.

పిల్లలూ, ఒక్క మాట. ఎవరైనా పడిపోతే పోలీసు కేసని భయపడి తప్పుకోకండి. 2016లో సుప్రీంకోర్టు, తరువాత మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి. మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోను చేయండి, జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా. గాయపడినవారికి లక్షన్నర రూపాయల దాకా, ఏడు రోజుల వరకు నగదు లేని చికిత్స పథకం 2025లో వచ్చింది. ఇంటి పెద్దలకు ఈ సంగతి చెప్పండి.

నేను సంచీ నిండా రేడియం స్టిక్కర్లు తెచ్చాను, ఎరుపువి. ట్రాలీకి వెనక రెండు మూలలా, ఆటోకు వెనక అడ్డంగా, సైకిలుకు మడ్‌గార్డు మీద. అంటించే ముందు దుమ్ము తుడవాలి, తడి గుడ్డ కూడా తెచ్చాను. బయట వేపచెట్టు కింద కట్టె వేసుకుని ఒక ట్రాక్టరు నిలబడి ఉంది, నేను లోపలికి వస్తూ చూశాను. దాని వెనక ఏమీ లేదు. అది ఎవరిదో కాస్త లేచి రండి, చీకటి పడకముందే దానితో మొదలుపెడదాం.