ఫ్రీగా వచ్చిన గణితం కిట్ రివ్యూ: శంకువు మీద ఆ గీతలేంది?

నమస్తే అందరికీ, నల్లగొండ నుంచి. ఈ పారదర్శక ప్లాస్టిక్ ఆకారాల కిట్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపిండ్రు, పైసలైతే ఇవ్వలేదు. బాక్సులో ఏమున్నాయి, రేటెంత అన్నవి మీరు ఇప్పటికే చూసే ఉంటారు, వదిలేద్దాం. గోళం, ఘనం, పిరమిడ్ అన్నీ బాగున్నాయి. నా గొడవంతా స్థూపం, శంకువుతోనే.

రెండిటికీ వ్యాసార్ధం 3.5, ఎత్తు 12 సెంటీమీటర్లు అని రాసిండ్రు. ఈ కొలతలు ఎంచుకున్నాయన ఎవరో గానీ మస్తు తెలివైనోడు. π బదులు 22/7 వేస్తే స్థూపం 462 మిల్లీలీటర్లు, శంకువు 154, ఏటవాలు ఎత్తు సరిగ్గా 12.5, ఎక్కడా చిల్లర లెక్క రాదు. నా దగ్గర ఇదివరకు చెక్క సెట్ ఉండేది, అందులో నీళ్లు పోసేదేముంది, చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టుడే. ఇందులో పోయొచ్చు, అందుకే ఆశపడ్డా.

పోసే ముందు పిల్లల్ని అడగండి, స్థూపంలో పట్టే నీళ్లలో ఎంత వంతు శంకువులో పడుతుందని. సగం అంటారు. దీర్ఘచతురస్రంలో త్రిభుజం సగం కదా, అదే లెక్క. వాళ్లను ఏమనొద్దు, 499 నాటి ఆర్యభటీయంలో పిరమిడ్ ఘనపరిమాణానికి అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం అనే ఉంది, 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతు అని ఇచ్చిండు.

ఇక శంకువు నింపి స్థూపంలో పోసినం. మూడో వంతు కాబట్టి మూడుసార్లకు నిండాలి. మూడో శంకువు కూడా ఒంపేసినా స్థూపం పైన అర సెంటీమీటరు పైగా ఖాళీ. "సార్, సూత్రం తప్పా?" అన్నడు ఒకడు. సూత్రం కాదు నాయనా, రాసిన కొలతలు బయటివి. గోడ మందం 2 మిల్లీమీటర్లు. దాంతో స్థూపం లోపలి ఎత్తు అడుగున ఆ 2 మిల్లీమీటర్లే తగ్గుతుంది, శంకువులో మొన దగ్గర గోడలు కలిసిపోయి 7 మిల్లీమీటర్ల దాకా పోతుంది. లోపలి కొలతలు సమానం వచ్చేటట్టు అచ్చు చేయాలి కదా? సరే, దీన్ని సర్దుకుంటా.

సర్దుకోలేనిది ఆ గీతలు. శంకువును మొన కిందికి పెట్టి నింపుతాం, దాని మీద మిల్లీలీటర్ల గీతలు అడుగు నుంచి అంచుదాకా సమాన దూరంలో అచ్చేసిండ్రు! సగం ఎత్తు దగ్గర 77 అని ఉంది. అక్కడ ఎత్తు సగం, వ్యాసార్ధమూ సగం, దాని వర్గం పావు, అంటే నీళ్లు ఎనిమిదో వంతే, వాళ్లు రాసిన కొలతలతోనే చూసినా 19 మిల్లీలీటర్ల చిల్లర. సగం నీళ్లు కావాలంటే 9.5 సెంటీమీటర్ల దాకా పోయాలి. శంకువు గురించి నేర్పాల్సిన అసలు సంగతే ఇది, దాన్నే తప్పుగా అచ్చేస్తే ఎట్లా?

మన జిల్లా పిల్లలకు ఇది పరాయి లెక్కేం కాదు, వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కుప్పలు చూస్తూ పెరిగినోళ్లు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు కుప్పకు రూల్ ఇచ్చిండు: చుట్టుకొలతలో ఆరో వంతు తీసి వర్గం చేసి ఎత్తుతో గుణించు. ముళ్లున్న ధాన్యమైతే ఎత్తు కూడా కొలవక్కర్లేదు, చుట్టుకొలతలో తొమ్మిదో వంతు అంటడు. చుట్టూ 9 మీటర్లయితే ఎత్తు 1 మీటరు, 2.25 ఘనపు మీటర్లు. మన π వేస్తే 2.15 వస్తుంది, ఈ రూల్‌లో ఆయన π ను 3గా తీసుకున్నడు అంతే. కల్లంలో తాడుతో అయిపోయే పని.

నా తీర్పు? గీతలు మార్చేదాకా కొనమని చెప్పను. మిగతా ఆకారాలు ఎంత బాగున్నా సరే. ఇప్పటికే కొన్నోళ్లు స్పిరిట్‌తో ఆ అచ్చు తుడిచేసి, సిరంజితో పదేసి మిల్లీలీటర్లు పోస్తూ పిల్లలతోనే మార్కర్‌తో గీయించండి. గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరైతుంటే ఎందుకో వాళ్లే అడుగుతరు.